ఘాట్‌లో కాదు, గుత్తి దాటాక జాగ్రత్త: శ్రీశైలం నుంచి బెంగళూరుకు కారులో ఇద్దరే వెళ్తుంటే

మీరు అడిగింది ఇదీ. పెళ్లయి రెండు నెలలైంది, శ్రీశైలంలో మొక్కు తీర్చుకుని అక్కణ్ణుంచి అటే బెంగళూరులో కొత్త కాపురానికి వెళ్తున్నారు. సొంత కారు, ఇద్దరే. తెల్లవారుజామున దర్శనం చేసుకుని బయల్దేరితే అదే రాత్రికి బెంగళూరు చేరొచ్చా? ఘాట్ రోడ్డంటే భయం, పైగా మీ ఆవిడకు, అంటే నాకు చెల్లెమ్మకు, మలుపుల్లో వాంతులవుతాయి. దారిలో ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి?

కర్నూల్లో 22 ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నాను. శ్రీశైలానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాను. అందుకే సూటిగా చెప్తాను తమ్ముడూ. ఒక్క రోజులో చేరొచ్చు, చాలామంది చేరుతున్నారు కూడా. మీరు మాత్రం ఆ పని చేయకండి. దానికి కారణం మీరు భయపడుతున్న ఘాట్ రోడ్డు కాదు.

ముందు లెక్క చూద్దాం. శ్రీశైలం నుంచి దోర్నాల 50 కిలోమీటర్లు. దోర్నాల నుంచి ఆత్మకూరు, నందికొట్కూరు మీదుగా కర్నూలు సుమారు 130. కర్నూలు నుంచి డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ, చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరు 360. మొత్తం 540 చిల్లర. ఫోన్‌లో మ్యాప్ పెడితే పది గంటలంటుంది. ఆ మ్యాప్‌కు ఆకలి లేదు, ఒంటికి రెంటికి పోయే పని లేదు, సాక్షి గణపతి దగ్గర బండి ఆపి దండం పెట్టుకోవాల్సిన అవసరం అసలే లేదు. పది అంటే పన్నెండు, పదమూడు అనుకోండి.

ఇప్పుడు ఇంకో లెక్క. తెల్లవారుజాము దర్శనం కావాలంటే మీరు మూడింటికే లేవాలి. తలస్నానం, క్యూ, దర్శనం, మళ్లీ గదికొచ్చి సామాను సర్దుకోవడం. ముందురోజు రాత్రి కొత్తచోట నిద్ర ఎలాగూ సరిగా పట్టదు. అలా నాలుగు గంటలు పడుకున్న మనిషి ఘాట్ దిగి, రెండు అడవులు దాటి, కర్నూల్లో భోజనం చేసి, మధ్యాహ్నం రెండున్నరకు గుత్తి దగ్గర ఉంటాడు. రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఏసీ చల్లగా ఉంటుంది. పక్కన భార్య నిద్రపోతూ ఉంటుంది. ప్రమాదం అక్కడుంది.

ఇది వినికిడి మాట కాదు. 2013లో అనంతపురం వాళ్ల కుటుంబాన్ని శ్రీశైలం తీసుకెళ్లి వెనక్కి వస్తున్నాను. సరిగ్గా మీరు చెప్పిన పద్ధతే. మూడింటికి లేచాను, డోన్‌లో సంగటి, పప్పు కడుపునిండా తిన్నాను. గుత్తి దాటాను, పామిడి ఇంకా రాలేదు. కళ్లు మూశానన్న సంగతి కూడా నాకు తెలియదు. టైరు కింద కంకర గరగరమంటే మెలకువ వచ్చింది. బండి ఎడమ అంచు దిగి పోతోంది. ఎదురుగా పంక్చరైన లారీ, దాని చుట్టూ డ్రైవర్ పేర్చిన రాళ్లు, తుంచి పెట్టిన వేపకొమ్మ. ఆ కొమ్మ ఆకులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. స్టీరింగ్ కుడికి లాగి, వంద గజాలు పోయి ఆపి, బాటిల్ నీళ్లు నెత్తిన పోసుకున్నాను. చేతులు వణుకుతున్నాయి. వెనకసీట్లో పెద్దాయన కళ్లు నులుముకుని, "ఏమన్నా, టీకి ఆపినావా?" అన్నాడు. "అవునన్నా, టీకే" అన్నాను. అప్పుడు ఆ బండిలో ఏడుగురం.

ఆరోజు పొద్దున అదే ఘాట్‌ను నేను చెమట చుక్క పట్టకుండా దిగాను. ఘాట్‌లో ఎవరూ నిద్రపోరు. మలుపు మలుపుకీ భయం ఉంటుంది, ఆ భయమే కాపాడుతుంది. 44 నంబరు హైవే మీద భయపెట్టేది ఏమీ ఉండదు.

కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. రాత్రి అనంతపురంలో పడుకోండి. కర్నూలు చేరేసరికి సాయంత్రం నాలుగు దాటిందంటే ఇంకేం ఆలోచించకుండా కర్నూల్లోనే ఆగండి.

ఇక దారి సంగతి మొదటినుంచి చెప్తాను.

డ్యామ్ చూడాలనుకుంటే బయల్దేరే రోజు పెట్టుకోవద్దు. డ్యామ్ గుడికి హైదరాబాద్ వైపు ఉంటుంది, సున్నిపెంట దాటి కిందికి దిగాలి. మీరు వెళ్లాల్సింది దానికి ఎదురు దిక్కు. ముందురోజు సాయంత్రమే చూసి రండి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వానాకాలంలో పైనుంచి వరద వచ్చి ఆ మట్టం దగ్గరికి చేరితే గేట్లు ఎత్తుతారు. మొత్తం 12 గేట్లు. గేట్లు ఎత్తిన శని, ఆదివారాల్లో మాత్రం అటు తొంగిచూడకండి. హైదరాబాద్ జనమంతా అక్కడే ఉంటారు, కార్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరి ఉంటాయి. ఇంకేదైనా రోజైతే పాతాళగంగ దగ్గరికి రోప్‌వేలో దిగి, పొద్దు వాలే వేళ నీళ్ల ఒడ్డున కూర్చోండి. చుట్టూ నల్లమల కొండలు, మధ్యలో కృష్ణమ్మ కదలకుండా నిలబడి ఉంటుంది. మా వైపు ఆ నీళ్లను నదిగా కాక చెరువులాగే చూస్తాం.

అడవి గేటు సంగతి గుర్తుపెట్టుకోండి. శ్రీశైలం, దోర్నాల మధ్య రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఇది పులుల అభయారణ్యం, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, దేశంలోకెల్లా పెద్దది. గేటు దగ్గర బతిమాలినా, పెద్దవాళ్ల పేర్లు చెప్పినా పని జరగదు. జరగకూడదు కూడా. "నాలుగింటికి దర్శనం, ఐదింటికి బయల్దేరతాం" అన్న మీ ప్లాన్ అక్కడే ఆగిపోతుంది. దర్శనం అయ్యాక గదికి వెళ్లి రెండు గంటలు పడుకోండి. తమ్ముడూ, ఈ మొత్తం జవాబులో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. టిఫిన్ చేసి తొమ్మిదికి బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది.

ఊరు దాటగానే సాక్షి గణపతి. చేతిలో కలం, పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాడని నమ్మకం. అక్కడ ఐదు నిమిషాలు చాలు. తరువాత హఠకేశ్వరం, ఆపైన శిఖరం. శిఖరంలో నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూడటం ఆనవాయితీ. ఆ నంది దగ్గర ఒకరి తర్వాత ఒకరు కన్ను చికిలించి "కనపడిందా? కనపడిందా?" అని అడుగుతూ ఉంటారు. కనపడకపోయినా కనపడిందనే అంటారు. ఇక్కడి కోతులు గట్టివి. కారు అద్దం వేలెడు దించినా లోపలికి చేయి పెడతాయి. ప్రసాదం కవరు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని అద్దాలు దించారంటే అది మీది కాదనుకోండి.

శిఖరం నుంచి దిగుడు మొదలు. కొత్తగా ఘాట్ దిగేవాళ్లు చేసే తప్పు ఒక్కటే, కాలు బ్రేకు మీదినుంచి తీయకపోవడం. బ్రేకు అలా నొక్కిపట్టి ఉంచితే డిస్కులు కాలిపోతాయి, కాసేపటికి ఎంత నొక్కినా పట్టవు. కాలిన రబ్బరు వాసన వస్తే అదే సూచన. ఏ గేర్‌లో ఎక్కాల్సి వస్తుందో దిగడమూ అదే గేర్‌లో. ఎక్కువభాగం సెకండ్, కొన్నిచోట్ల థర్డ్. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపు ముందు మాత్రమే వాడాలి. ఆటోమేటిక్ బండైతే ఎల్ అనో ఎస్ అనో ఉంటుంది, అందులో పెట్టండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో జారవిడవడం, ఇంజన్ ఆపేయడం చేయొద్దు. ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగూ పోతుంది. కింద నుంచి ఎక్కే బండి వస్తే దానికే దారి ఇవ్వాలి. రూలూ అదే, మర్యాదా అదే. ఆర్టీసీ బస్సు మలుపులో మన సగం రోడ్డు కూడా తీసుకుంటుంది. అది డ్రైవర్ పొగరు కాదు, బస్సు పొడవు. హారన్ కొట్టి, ఎడమకు ఒదిగి, పోనివ్వండి.

చెల్లెమ్మ వాంతుల గురించి. ముందుసీట్లో కూర్చోబెట్టండి, ఫోన్ తీసుకుని డిక్కీలో పెట్టండి. చూపు దూరంగా రోడ్డు మీదే ఉండాలి. కళ్లు ఫోన్ మీదుండి ఒళ్లు మలుపులు తిరుగుతుంటే కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపుతో రావొద్దు, పూరీలు నాలుగు లాగించీ రావొద్దు. రెండు ఇడ్లీలు చాలు. కారులో వేలాడే సెంటు బాటిల్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. సగం వాంతులు దానివల్లే. కోతులున్న చోటు దాటాక అద్దం కొంచెం దించండి. టాబ్లెట్ వేసుకోవాలనుకుంటే బండి ఎక్కడానికి అరగంటో గంటో ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే దండగ. కొత్తగా పెళ్లయినవాళ్లు కాబట్టి ఇంకో మాట: ఏ టాబ్లెట్టైనా డాక్టర్ని అడిగే తీసుకోండి, నెల తప్పి ఉంటే మీకింకా తెలిసి ఉండకపోవచ్చు. ఆ టాబ్లెట్‌తో మత్తుగా ఉంటుంది, కాబట్టి వేసుకున్న రోజు ఆమెకు స్టీరింగ్ ఇవ్వొద్దు.

అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు ముందురోజే నింపుకోండి. బాత్రూమ్ అవసరం శ్రీశైలంలో గది ఖాళీ చేసేటప్పుడే తీర్చుకుని రావాలి, దోర్నాల దాకా నమ్ముకోదగ్గ చోటు లేదు. మగవాళ్లు చెట్టు చాటుకు పోతారు, ఆడవాళ్ల ఇబ్బంది వాళ్లకు తట్టదు. అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. అడవిలో బండి ఆపి సెల్ఫీలు వద్దు, జింకలకు బిస్కెట్లు వేయడం అంతకన్నా వద్దు. అంతగా అడవి చూడాలనుంటే దారిలోనే తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ వాళ్ల జీపు సఫారీ ఉంటుంది. దానికి రెండు గంటలు పక్కన పెట్టుకుని, ఆ రోజు కర్నూల్లోనే పడుకోవాలి.

దోర్నాల వచ్చేసరికి చాలామంది "అడవి అయిపోయింది" అని ఊపిరి పీల్చుకుంటారు. అయిపోలేదు. దోర్నాల నుంచి ఆత్మకూరు దాకా మళ్లీ నల్లమలే. మలుపులు తక్కువ, చెట్లు దగ్గర, మనుషులు అరుదు. మధ్యలో చెంచుగూడేలు. మధ్యాహ్నం పూట హాయిగా ఉండే దారే, అయితే ఇదీ పగలే దాటండి. ఉగాదికి ముందు పది రోజులు ఈ దారిలో వెళ్తుంటే మరీ నెమ్మదిగా పోవాలి. కర్ణాటక భక్తులు వేలమంది నడుచుకుంటూ శ్రీశైలం వెళ్తుంటారు, ఎండకు నీడ పట్టున కూర్చుని ఉంటారు. భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. మన సారె మీ డిక్కీలో ఉంటే, వాళ్ల సారె వాళ్ల నెత్తి మీద ఉంటుంది.

సారె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, కాపురం సామాను కారు పైన కట్టొద్దు. పరుపులు, స్టీలు బిందెలు పైన కట్టుకుని ఘాట్ దిగితే మలుపులో బండి ఊగుతుంది. బరువున్నవి డిక్కీలో అడుగున, వెనకసీటుకు ఆనించి పెట్టండి. మిగిలినవి లారీ పార్సిల్‌లో వేయండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద రెండు అంకెలుంటాయి. నిండా సామానున్నప్పుడు పెట్టేది రెండోది. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మా సీమ రోడ్డు పెనంలా ఉంటుంది, అరిగిన టైరు మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పకుండా పగులుతుంది.

ఆత్మకూరు దాటితే మైదానం. ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది, నా బండెక్కిన ప్రతి కొత్తజంటకూ చెప్తాను. మీరు పొద్దున వదిలి వచ్చామనుకున్న ఆ చెరువు మిమ్మల్ని వదలదు. నందికొట్కూరు చేరకముందే, కుడివైపు కొంత దూరంలో పోతిరెడ్డిపాడు. శ్రీశైలం నీళ్లు తలుపులు తెరుచుకుని సీమలోకి వచ్చేది అక్కణ్ణుంచే. తెలుగుగంగ పుట్టేదీ అక్కడే. నందికొట్కూరు దగ్గర మల్యాలలో పంపులు పెట్టి అదే నీళ్లను ఎత్తిపోస్తారు, అది హంద్రీనీవా. ఆ కాలువ కర్నూలు, డోన్ మధ్య హైవేని దాటి పడమరకు పోతుంది, మెట్టు మెట్టుగా పంపుల మీద ఎక్కి అనంతపురం జిల్లా జీడిపల్లి చేరుతుంది, అక్కణ్ణుంచి పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరు దాకా వస్తుంది. రేపు మీరు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ పక్కనుంచి పోయేటప్పుడు కూడా పాతాళగంగలో మీరు కాళ్లు కడుక్కున్న నీళ్లు చుట్టుపక్కలే ఉంటాయి. నల్లమల నుంచి మీరు టైర్ల మీద వస్తే, అవి పంపుల మీద వస్తాయి. రెండింటికీ బిల్లు ఎక్కువే.

ఎండాకాలం వెళ్తుంటే "సంగమేశ్వరం తేలిందట, చూసొద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. డ్యామ్ వెనక నీళ్లలో ఏడాదిలో ఎక్కువభాగం మునిగి ఉండే గుడి అది, నీళ్లు తగ్గాక బయటపడుతుంది. లోపల వేపమొద్దు శివలింగం. చూడాల్సిందే, కానీ ఈ ప్రయాణంలో కాదు. అది విడిగా ఒక పూట పని.

కర్నూలు గురించి మా ఊరు కాబట్టి ఎక్కువ చెప్పకూడదు, కానీ తిండి గురించి చెప్పాలి. సాయంత్రం చేరితే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. బొరుగులు నీళ్లలో తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఒక చేత్తో ఉగ్గాని, ఇంకో చేత్తో బజ్జి కొరకాలి, విడివిడిగా తింటే అది తిన్నట్టు కాదు. పొద్దున అయితే ఎర్రకారం దోశ. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 దాకా ఇది ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని, కొండారెడ్డి బురుజు దగ్గర ఎవరినడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు.

ఇప్పుడు అసలు రోడ్డు, 44 నంబరు. పాతవాళ్లం ఇంకా ఏడో నంబరు అనే అంటాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే దారి, దేశంలో దీన్ని మించిన పొడవైన హైవే లేదు. కర్నూలు నుంచి వరుసగా అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి, చివరికి బెంగళూరు విమానాశ్రయం దాటాక సాదహళ్లి టోల్‌గేట్లు వస్తాయి. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే వేసుకోండి. ఈ టోల్‌గేట్ల దగ్గర బాత్రూమ్‌లుంటాయి, చెల్లెమ్మకు ముందే చెప్పి ఉంచండి.

ఈ రోడ్డు మీద చూసుకోవాల్సినవి మూడే మూడు. ఎడమ అంచున చెప్పాపెట్టకుండా ఆగి ఉన్న లారీ. రాంగ్‌సైడులో ఎదురొచ్చే బైకు, ఎందుకంటే పల్లెవాళ్లకు యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మూడోది గొర్రెల మంద. ఒక గొర్రె దాటిందంటే మిగతావన్నీ దాటుతాయి, మీ హారన్ వాటికి లెక్కలేదు. మొదటి గొర్రె కనపడగానే ఆగిపోండి. పగలైతే ఈ మూడూ కనపడతాయి. రాత్రయితే మొదటి రెండూ లైటు పడేదాకా కనపడవు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడింది కదా, చీకట్లో రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కిందికి పోవడంతోనే మంట పుట్టింది. ఆ చోటు మీదుగా వారానికి రెండుసార్లు పోతాను. ఇప్పుడు రాత్రిపూట బేరం వస్తే ఒప్పుకోవడం లేదు.

డోన్ దాటాక గుత్తి కొండ కనిపిస్తుంది, పైన కోట. మురారిరావు ఏలిన కోట అది. పత్తికొండలో 1827లో కలరాతో చనిపోయిన థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది గుత్తిలోనే, తర్వాత మద్రాసు తీసుకెళ్లారు. కోట ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కాలి, మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి. మీరు అక్కడికి చేరేది మధ్యాహ్నం కాబట్టి కిందనుంచే చూసి, కోట ఎక్కే బదులు ఊళ్లో టీ తాగండి. ఆ టీ నా మాటగా తాగండి. బండి దిగి పది నిమిషాలు నడవండి. ఆవలింతలు వస్తుంటే, ఒకే బోర్డు రెండుసార్లు చదువుతుంటే, మీ ముందు పోతున్న బండి ఎప్పుడు వచ్చిందో గుర్తులేకపోతే, పాటల సౌండ్ పెంచొద్దు. ఆపి, సీటు వెనక్కి వాల్చి, ఇరవై నిమిషాలు పడుకోండి. అద్దం దించడం, మొహం కడుక్కోవడం, శనక్కాయలు నమలడం, నేను అన్నీ చేసి చూశాను. అవి ఐదు నిమిషాలు పనిచేస్తాయి. ఐదు నిమిషాల్లో గుత్తి నుంచి పామిడి కూడా రాదు.

పక్కసీటులో ఉన్నవాళ్లది కూడా ఒక డ్యూటీ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చెల్లెమ్మ నిద్రపోకూడదు. మాట్లాడుతూ ఉండాలి. "ఊ" అని జవాబు వస్తోందంటే చాలదు, ప్రశ్నలడగాలి. "మీ చిన్నమ్మ పెళ్లికి ఎందుకు రాలేదు?" లాంటిది అడిగితే ఎంతటి నిద్రైనా ఎగిరిపోతుంది.

అనంతపురం పొద్దు ఉండగానే చేరండి, రాత్రి తొందరగా పడుకోండి. మర్నాడు ఆరింటికి బయల్దేరాలి. ఆమెకు లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలైందని రాశారు. వాంతుల టాబ్లెట్ వేసుకోకపోతే, ఈ అనంతపురం–పెనుకొండ ముక్క ఆమెకివ్వండి. పొద్దున రోడ్డు ఖాళీగా ఉంటుంది, మలుపుల్లేవు, ఎండ ఇంకా ఎక్కదు. ఎడమ లైనులో ఎనభై మీద పోనివ్వండి. మీరు పక్కన కూర్చుని "బ్రేక్, బ్రేక్" అని అరవొద్దు. మీ కాలు లేని బ్రేకును తొక్కుతుంటే ఆమె చూస్తూనే ఉంటుంది.

పెనుకొండ కొండ మీద కోట గోడలు రోడ్డు నుంచే కనిపిస్తాయి. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగరం రాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారు. ఆపి చూసేంత టైమ్ మీకు లేదు, ఎందుకంటే ఈ ప్రయాణంలో మీరు నిజంగా ఆగాల్సిన చోటు దీని తర్వాతే ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలి కుడికి తిరిగితే పదహారు కిలోమీటర్లలో లేపాక్షి.

ముందు నంది దగ్గర ఆపండి. ఊరి మొదట్లోనే ఉంటుంది, ఒకే బండరాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటలు, పట్టీలు చూశాక, చుట్టూ తిరిగి గిట్టలు కూడా చూడండి. జనం ముందు నిలబడి ఫోటో దిగి పోతారు. తర్వాత వీరభద్రుడి గుడి. వేలాడే స్తంభం దగ్గర జనం వరుసగా తువ్వాలు అటునుంచి ఇటు లాగుతుంటారు, మీరూ లాగండి, అందులో సిగ్గేం లేదు. కానీ తల ఎత్తి పైకప్పు చూడటం మర్చిపోవద్దు. రంగుల బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూస్తే చెల్లెమ్మకు ఇంకో గంట కావాలంటుంది, ఇవ్వండి. అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టించింది. బయట కల్యాణమండపం సగంలో ఆగిపోయింది, స్తంభాలున్నాయి, కప్పు లేదు. పొద్దున ఎనిమిదికల్లా చేరితే రాతినేల కాలదు, చెప్పులు లేకుండా హాయిగా తిరగొచ్చు. పదకొండు తర్వాత అదే నేల మీద గంతులేయాలి.

దారిలో బెలుం గుహలు, తాడిపత్రి, యాగంటి, పుట్టపర్తి కూడా కలిపేద్దామా అన్నారు. వద్దు. ఒక్కొక్కటి మంచిదే, కలిపితే అన్నీ పార్కింగు చూసి వచ్చినట్టు ఉంటుంది.

లేపాక్షి నుంచి బెంగళూరు రెండున్నర, మూడు గంటలు. పదిన్నరకు బయల్దేరితే ఒంటిగంట, రెండు మధ్య హెబ్బాళ్ చేరతారు, ఊళ్లోకి దూరడానికి ఉన్నంతలో మంచి టైమ్ అదే. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్య హెబ్బాళ్ ఫ్లైఓవర్ మీదికి పోయారంటే, శ్రీశైలం నుంచి చేసిన ప్రయాణమంతా చిన్నదే అనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ఇంకా ఘోరం, నంది హిల్స్‌కు, ఊళ్లకు పోయినవాళ్లంతా ఆ దారినే తిరిగొస్తారు. శనివారం చేరేలా చూసుకోండి. సామాను దించుకోవడానికి మీకూ ఆదివారం మిగులుతుంది.

చివరిగా, మీరు అడగనిది. కారు రెండో తాళం ఇంట్లో బీరువాలో పెట్టి రావొద్దు, చెల్లెమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. పాతాళగంగలో మునిగేటప్పుడు చొక్కాజేబులోని తాళం కృష్ణలో పడేసుకున్నవాళ్లను నేను ఇప్పటికి ముగ్గురిని చూశాను. ఒకాయన తాళం కోసం కర్నూలు నుంచి నేనే వెళ్లాల్సి వచ్చింది. వాళ్లింట్లో తాళం తీసుకుని దోర్నాల గేటు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటి పది నిమిషాలైంది. ఆ రాత్రంతా గేటు ఇవతల బండిలో నేను, గేటు అవతల సత్రంలో ఆయన.